కుక్కపిల్లను వెతుకుదాం రమ్మంటే వెళ్లిపోయింది

ప్రశ్న: మా పాపకు ఆరేళ్లు. ఫోన్‌లో పిల్లల్ని ఎత్తుకెళ్లే వీడియోలు వరసగా వస్తుంటే భయమేసి, తెలియనివాళ్లతో మాట్లాడొద్దని, మాట్లాడితే సంచిలో వేసుకుని తీసుకెళ్లిపోతారని రోజూ చెప్పేదాన్ని. ఇప్పుడు పక్కగదిలోకి కూడా ఒక్కతే వెళ్లదు. రాత్రి లైటు ఆర్పనివ్వదు. అంత భయపడే పిల్ల, పోయిన ఆదివారం పార్కులో ఒకావిడ ‘మా కుక్కపిల్ల కనబడట్లేదు, వెతుకుదాం వస్తావా’ అనగానే ఆవిడ వెంట గేటు దాకా వెళ్లిపోయింది. నిజంగానే కుక్కపిల్ల తప్పిపోయిందట, ఆవిడ మంచిదే. కానీ నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఎందుకు వెళ్లావని అడిగితే ‘ఆంటీ ఏడుస్తోంది కదా. ఆవిడ దొంగలా లేదు’ అంది. బడికి పంపాలన్నా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు? – ఒక తల్లి

జవాబు: అమ్మా, మీకు కోపం వస్తే రానివ్వండి గానీ, మీ పాప చెప్పిన జవాబు నాకు నచ్చింది. ‘దొంగలా లేదు’ అంది. అంటే మీ మాట పెడచెవిన పెట్టలేదు. మీరు చెప్పినట్టే సంచి కోసం చూసింది, సంచి కనబడలేదు. ఎర్రటి కళ్లు, భయపెట్టే గొంతు, అవీ లేవు. కళ్లనీళ్లు పెట్టుకున్న ఆంటీ కనబడింది. ఎవరైనా ఏడుస్తుంటే సాయం చెయ్యాలని కూడా మీరే నేర్పి ఉంటారు. ఆ రెండు పాఠాల్లో ఇక్కడ ఏది పనికొస్తుందో పిల్ల తనకు తానే తేల్చుకుంది.

‘తెలియనివాళ్లు’ అన్న మాట మనకు అర్థమైనట్టు పిల్లలకు అర్థం కాదు. ఆ వయసులో తెలియనివాడంటే చెడ్డగా కనిపించేవాడు. నవ్వుతూ పేరు అడిగి, తన పేరు చెప్పినవాళ్లు రెండు నిమిషాల్లో తెలిసినవాళ్లయిపోతారు. పైగా మనం చేసేది చూడండి. తెలియనివాళ్లతో మాట్లాడకు అని చెప్పి, లిఫ్టులో ఎవరో పలకరించగానే ‘ఆంటీకి హాయ్ చెప్పు’ అని మనమే ముందుకు తోస్తాం. చెప్పకపోతే సిగ్గని ఆంటీకి సంజాయిషీ ఇచ్చుకుంటాం.

ఈ పాఠం ఎదురు తిరగడం కూడా ఉంది. 2005 జూన్‌లో అమెరికాలోని యూటా కొండల్లో పదకొండేళ్ల పిల్లాడు తప్పిపోయాడు. నాలుగు రోజుల పాటు వెతికారు. దొరికాక తెలిసిందేమిటంటే, వెతకడానికి వచ్చినవాళ్లను చూసి వాడే పక్కకు తప్పుకున్నాడట. తెలియనివాళ్లతో మాట్లాడకూడదని ఇంట్లో చెప్పారు మరి. అంత దూరం ఎందుకు, మా చిన్నాడు నాలుగేళ్లప్పుడు పెద్ద రైల్వే స్టేషన్‌లో చెయ్యి విడిపించుకుని మాయమయ్యాడు. పావుగంట తర్వాత కనబడ్డాడు. చుట్టూ పదిమంది నిలబడి ‘నీ పేరేంటి బాబూ, అమ్మ పేరేంటి’ అని అడుగుతుంటే పెదాలు బిగించి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. మైకులో పిలిపిద్దామంటే వాళ్ల దగ్గర పేరు లేదు. ఆ తెలివి నేను నేర్పిందే.

అసలు పిల్లల్ని తీసుకెళ్లిపోయేది ఎవరు? అమెరికా న్యాయశాఖ 1999 సంవత్సరానికి ఒక అంచనా వేయించింది. కుటుంబంలోనివాళ్లే తీసుకెళ్లిపోయిన పిల్లలు 2,03,900 మంది. కుటుంబం బయటివాళ్లు తీసుకెళ్లినవాళ్లు 58,200. మనం రాత్రిళ్లు తలుచుకుని భయపడే రకం, అంటే ముక్కూ మొహం తెలియనివాడో అంతంతమాత్రం పరిచయం ఉన్నవాడో ఎత్తుకెళ్లి రాత్రంతా దాచేయడం, డబ్బు అడగడం, చంపేయడం లాంటివి, 115. ఏ దేశం లెక్క ఆ దేశానిదే, నిజమే. 115 మంది పిల్లలంటే చిన్న సంగతీ కాదు. కానీ మన జాగ్రత్తంతా ఆ ఒక్క సంచీవాడి మీదే పెట్టుకుంటే మిగతా తలుపులన్నీ తెరిచి పెట్టినట్టే.

మీ ఉత్తరంలో లేదు గానీ, ఆ 2,03,900 గురించి ఒక మాట చెప్పి ముందుకు వెళ్తాను. అవి ఎక్కువగా భార్యాభర్తల గొడవల్లో ఒకరికి చెప్పకుండా మరొకరు బిడ్డను తీసుకెళ్లిపోయినవి. అలాంటి పరిస్థితి ఉన్నవాళ్లు కోర్టు ఇచ్చిన కస్టడీ ఉత్తర్వు కాపీ బడిలో ఇచ్చి ఉంచాలి, బిడ్డ పాస్‌పోర్టు ఎక్కడుందో తెలిసి ఉండాలి. వేరే దేశానికి తీసుకెళ్లిన పిల్లల్ని వెనక్కి రప్పించడానికి 1980లో హేగ్ ఒప్పందం అని ఒకటి వచ్చింది. అందులో చేరని దేశానికి తీసుకెళ్తే ఆ దారి ఉండదు. కాబట్టి విమానం ఎక్కకముందే లాయర్‌ని కలవాలి.

ఇక మీ పాప సంగతి. మనుషుల మొహాలు చూసి మంచీ చెడూ తేల్చే పని ఆమె నెత్తిన పెట్టకండి. అది మనకే చేతకాదు. దాని బదులు ఒక్కటే నేర్పండి. ‘ఎవరితో వెళ్లాలన్నా, ఎవరి బండెక్కాలన్నా, ఎవరు ఏం ఇచ్చినా, ముందు అమ్మనడిగి వస్తా.’ పక్కింటి అంకుల్ అయినా, టీచర్ అయినా, తాతయ్య అయినా ఇదే. ఇందులో ఎవరినీ అనుమానించక్కర్లేదు, ఎవరినీ అవమానించినట్టు కాదు. తాతయ్య నొచ్చుకుంటే నొచ్చుకుంటారు, మీరే ముందు ఆయనకు చెప్పి ఉంచండి. కుక్కపిల్ల ఆంటీ దగ్గర కూడా మీ పాప ఆ మాట అని మీ దగ్గరికి పరిగెత్తుకొచ్చి ఉంటే ముగ్గురూ కలిసి వెతికేవాళ్లు. పాప మంచితనానికి ఏ లోటూ వచ్చేది కాదు.

దీనితో పాటు ఇంకోటి చెప్పండి: పెద్దవాళ్లకు సాయం కావాలంటే పెద్దవాళ్లనే అడుగుతారు. దారి తెలియాలన్నా, సామాను మోయాలన్నా, పోయిన కుక్కపిల్లను వెతకాలన్నా. చిన్నపిల్లను ఒంటరిగా పిలిచి అడుగుతున్నారంటే అక్కడ ఏదో తేడా ఉంది. ఆ ఆంటీ మంచిదే అయినా అలా అడగకూడదు. (మనం కూడా పరాయి పిల్లల్ని అలా అడగకుండా ఉంటే బాగుంటుంది.)

చెప్పినంత మాత్రాన వస్తుందా అంటే రాదు. చిన్నపిల్లలకు ఈ విషయం నేర్పి చూసిన పరిశోధనలు 1980ల నుంచీ ఉన్నాయి. 1981 నాటి ఒక అధ్యయనంలో పిల్లలకు వేసే ఎరల్ని మూడు రకాలుగా విడదీశారు. ఊరికే ‘అలా నడిచొద్దాం రా’ అనడం ఒకటి. ‘మీ టీచర్ రమ్మన్నారు’ అని పెద్దల పేరు వాడడం రెండోది. ‘కార్లో నీకోసం ఒకటి తెచ్చా’ అని ఆశ పెట్టడం మూడోది. మీ పాపకు తగిలింది ఇంకో రకం, జాలి. తర్వాత్తర్వాత జరిగిన పరిశోధనల్లో తేలిందేమిటంటే, వీడియో చూపించి వదిలేసిన పిల్లల కంటే, చూపించాక తమతోనే చేయించి ప్రాక్టీస్ ఇప్పించిన పిల్లలు బాగా నిలబడ్డారు. ఈత గురించి ఎంత వివరంగా చెప్పినా నీళ్లలో దిగందే ఈత రాదు కదా.

అందుకని ఇంట్లో ఆట ఆడండి. మా మనవరాలితో నేను ఆడేది ఇలా ఉంటుంది. హాల్లో కుర్చీ వేసుకుని స్టీరింగ్ పట్టుకున్నట్టు కూర్చుంటాను.

‘పాపా, నేను మీ నాన్న ఆఫీసులోనే పని చేస్తా. మీ అమ్మకు బాగోలేదు, ఆస్పత్రిలో ఉంది. ఎక్కు, తీసుకెళ్తా.’

‘అమ్మనడిగి వస్తా.’

‘అమ్మ ఆస్పత్రిలో ఉందంటున్నా కదా! ఎలా అడుగుతావు?’

మొదటిసారి ఇక్కడ అది ఆగిపోయింది. నోరు తెరిచి నా వైపు చూసింది. నిజంగానే అమ్మకు ఏమైందోనన్నట్టు కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. ఆట ఆపి, ఒళ్లో కూర్చోబెట్టుకుని చెప్పాను: ‘అమ్మకు ఏదైనా అయితే నీ దగ్గరికి ఎవరు వస్తారో మనం ముందే అనుకుందాం. నాన్న, నేను, పిన్ని. అంతే. ఇంకెవరూ రారు. ఇంకెవరైనా వచ్చి ఆస్పత్రి అన్నారంటే, మాట్లాడకుండా వెనక్కి తిరిగి టీచర్ దగ్గరికి పరుగు.’ మళ్లీ ఆడాం. ఈసారి నా మాట పూర్తి కాకముందే వంటింట్లోకి పారిపోయింది. నాలుగో రోజుకు డ్రైవర్ తనే అయ్యి నన్ను ఎక్కమంది. ఎక్కనంటే ‘లేటైపోతోంది, త్వరగా’ అని కసిరింది. మోసం చేసేవాడు తొందరపెడతాడని దానికి ఎవరూ చెప్పలేదు, ఆటలోనే పట్టుకుంది.

ఆ ముగ్గురికీ కూడా వీలుకాని రోజు రావచ్చు కాబట్టి ఇంట్లో ఒక రహస్య మాట పెట్టుకోండి. ముద్దుపేరు, పుట్టినరోజు లాంటివి వద్దు, అవి అందరికీ తెలుసు. ‘ఊదారంగు ఏనుగు’ లాంటిదేదైనా పాపనే ఎంచుకోమనండి. ఆ మాట చెప్పలేనివాళ్లతో వెళ్లేది లేదు. ఒకసారి వాడితే మార్చేయండి. ఇక్కడ ఒక విన్నపం: స్నేహితుణ్ని అపరిచితుడిలా పంపి, చాటుగా ఫోన్‌తో వీడియో తీసి పిల్లను పరీక్షించే పని మాత్రం చేయకండి. పిల్ల మోసపోతే ఇంట్లో నవ్వుకుంటారు, దానికి మాత్రం మీ మీదే నమ్మకం పోతుంది.

చెయ్యి పట్టుకుని లాగితే ఏం చెయ్యాలన్నది కూడా ఒంటికి అలవాటు కావాలి. పెద్దమనిషి చేతిలో ఒక పిల్ల గింజుకుంటూ ఏడుస్తుంటే రోడ్డు మీద మనం ఏమనుకుంటాం? మారాం చేస్తోందనుకుని మన దారిన మనం పోతాం. ‘అమ్మా’ అని ఏడ్చినా అంతే. అందుకే అరవాల్సిన మాట వేరే ఉంది: ‘నువ్వు మా నాన్నవి కాదు! నాకు నువ్వు తెలీదు!’ గొంతు చించుకుని అరవనివ్వండి. ‘మెల్లగా మాట్లాడు’ అని పుట్టినప్పటినుంచీ చెప్పించుకున్న పిల్లకు మొదట గొంతు పెగలదు. పక్కింటివాళ్లకు ముందే చెప్పండి, లేకపోతే వాళ్లు పరిగెత్తుకొస్తారు. అలా వస్తే మంచివాళ్లే అనుకోండి. బ్యాగు పట్టుకుని లాగితే బ్యాగు వదిలేసి పరిగెత్తాలి, ‘బ్యాగు పోయినా నేను తిట్టను’ అని మీరు మాటివ్వాలి. కారులోంచి పిలిస్తే చెయ్యి అందనంత దూరంలో ఆగాలి, పారిపోవాల్సి వస్తే కారు మొహం ఎటుందో దానికి వెనకవైపు పరిగెత్తాలి. కారు తిరగడానికి టైం పడుతుంది.

జపాన్‌లో పోలీసులు ఇదంతా పిల్లలకు ఒక్క మాటలో ఇరికించారు: ఇకనోఒసుషి. పైకి తినే వస్తువు పేరులా నవ్వొచ్చే మాట. అందులో ఒక్కో ముక్కా ఒక్కో పని: వెళ్లను, ఎక్కను, గట్టిగా అరుస్తా, వెంటనే పారిపోతా, ఇంట్లో చెప్తా. వాళ్ల మాట మనకెందుకు, ఆ అయిదు పనుల్నీ మీ పాపతో కలిసి పాటగా కట్టండి. మీ ఫోన్ నంబరు కూడా అదే పాటలో వచ్చేట్టు చూడండి. కాంటాక్టుల్లో మన పేరు నొక్కడం వస్తే సరిపోదు. తప్పిపోయిన చోట పాపకు దొరికేది వేరేవాళ్ల ఫోనే.

తప్పిపోతే ఎవరిని సాయం అడగాలో కూడా ఆటలో పెట్టండి. కౌంటర్ వెనక కూర్చున్నవాళ్లు, యూనిఫాంలో ఉన్న పోలీసు. వాళ్లు కనబడకపోతే, పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన అమ్మ. ఈ చివరిది ఎక్కడైనా దొరుకుతుంది, చిన్నపిల్ల కూడా గుర్తుపట్టగలదు.

అయిదు పనుల్లో చివరిది, ఇంట్లో చెప్పడం, మీ పాప కంటే మీ మీద ఎక్కువ ఆధారపడి ఉంటుంది. 2002 జూన్ 5న అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో ఎలిజబెత్ స్మార్ట్ అనే పద్నాలుగేళ్ల అమ్మాయిని ఇంట్లో, పడగ్గదిలోంచే ఎత్తుకెళ్లారు. చూసింది అదే గదిలో పడుకున్న తొమ్మిదేళ్ల చెల్లెలు ఒక్కతే. కొన్ని నెలలయ్యాక ఆ చెల్లెలికి మనిషి ఎవరో తట్టింది: ఒకప్పుడు వాళ్లింటికి ఒక్కరోజు పనికి వచ్చి వెళ్లినవాడు. ఇంట్లోవాళ్లు ఆ మాట నమ్మారు. వాడి బొమ్మ గీయించారు, అది టీవీలో వచ్చింది. 2003 మార్చి 12న ఎలిజబెత్ ప్రాణాలతో దొరికింది. ‘ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు’ అని ఆ చిన్నదాన్ని గద్దించి ఉంటే ఏమయ్యేదో!

మీరు ఆదివారం ఎలా మాట్లాడారో రాయలేదు. భయంలో గట్టిగానే అరిచి ఉంటారు, నేనైనా అరిచేదాన్ని. కానీ ‘ఎందుకు వెళ్లావ్’ అని నిలదీస్తే, ఈసారి వెళ్లినా చెప్పకూడదని నేర్చుకుంటుంది. పాపతో ఇలా అనండి: ‘ఆ రోజు నేను భయపడి అరిచాను. నువ్వు నాకు నిజం చెప్పావు, అది మంచిపని.’ ‘అమ్మకు చెప్పొద్దు’ అని ఎవరు అన్నా, అదే మొదట అమ్మకు చెప్పాల్సిన మాట అని కూడా చెప్పండి. ఆన్‌లైన్ ఆటల్లో చాట్ చేసేవాళ్లు కూడా మొదట అడిగేది ఇలాంటి రహస్యాలే, ఫోన్ చేతికిచ్చే వయసు వచ్చినప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి. ముద్దివ్వమని, ఒళ్లో కూర్చోమని చుట్టాలు బలవంతం చేస్తే ‘వద్దు’ అననివ్వండి. ఇంట్లో ఒక పెద్దమనిషికి వద్దని చెప్పలేని పిల్ల వీధిలో చెప్తుందని ఎలా అనుకుంటాం?

మీ వైపు నుంచి చేయాల్సినవి పెద్దగా లేవు. బ్యాగు పైన, నీళ్ల సీసా పైన కనబడేట్టు పేరు రాయకండి, పేరు పెట్టి పిలిచినవాళ్లను పిల్లలు తెలిసినవాళ్లే అనుకుంటారు. బడి నుంచి ఎవరు తీసుకెళ్లొచ్చో రాసిచ్చి, అందులో లేని మనిషి వస్తే మీకు ఫోన్ చేయకుండా పంపొద్దని చెప్పండి. స్టేటస్‌లో యూనిఫాం ఫొటో పెట్టేముందు అందులో బడి పేరు కనబడుతోందేమో చూడండి. జనం ఉన్న చోటికి వెళ్తున్నప్పుడు బయల్దేరేముందు పాపను నిలబెట్టి ఒక ఫొటో తీయండి. ఆ కంగారులో గౌను రంగు గుర్తుకు రాదు.

ఎప్పుడైనా కనబడకపోతే ముందు ఇల్లు వెతకండి: మంచం కింద, బీరువాలో, వాషింగ్ మెషీన్‌లో, నీళ్లుండే చోట్ల. చిన్నపిల్లలు దాక్కుని నిద్రపోతారు. కొద్ది నిమిషాల్లో దొరకకపోతే పోలీసుకు ఫోన్ చేయండి. 24 గంటలు ఆగాలన్నది వట్టి మాట, మొదటి గంటలే విలువైనవి. భారత్‌లో 112, పిల్లల కోసమే ఉన్న 1098. యూరప్ దేశాల్లో చాలావరకు తప్పిపోయిన పిల్లల కోసం 116000. మీరున్న చోట ఏదో ఇప్పుడే ఫోన్‌లో సేవ్ చేసుకోండి. పాప గది సర్దకండి, విడిచిన బట్టలు ఉతకకండి. వాసన పట్టే కుక్కలకు అవి కావాలి.

ఆ వీడియోల సంగతి. అలాంటివాటిలో ఒకటి ఎక్కడిదో తెలుసా? బైక్ మీద వచ్చి వీధిలో ఆడుకుంటున్న పిల్లాణ్ని ఎత్తుకుపోయే వీడియో. అది పిల్లల భద్రత గురించి కరాచీలో తీసిన ప్రచార చిత్రం. అసలు దాంట్లో బైకువాళ్లు పిల్లాణ్ని వెనక్కి తెచ్చి దింపేసి, జాగ్రత్త చెప్పే బోర్డు చూపిస్తారు. ఎవరో ఆ చివరి ముక్క కత్తిరించి భారత్‌లో తిప్పారు. అలాంటి పుకార్లు నమ్మి 2018లో జనం దారిన పోయే అమాయకుల్ని పట్టుకుని కొట్టి చంపారు. మీకు వచ్చినవాటిలో నిజమైనవీ ఉండొచ్చు. అయినా వాటిని చూడటం వల్ల మీ పాపకు ఒరిగింది చీకటంటే భయం ఒక్కటే. అవి వచ్చే గ్రూపును మ్యూట్ చేయండి, వాటిని ఎవరికీ పంపకండి.

సంచి కథ మీరే చెప్పారు కాబట్టి వెనక్కి తీసుకోవాల్సిందీ మీరే. ‘నేను చెప్పింది సరిగ్గా లేదు. పిల్లల్ని సంచిలో వేసుకుని తిరిగేవాళ్లు మన గదుల్లో ఉండరు. బయట ఏం చెయ్యాలో మనం కలిసి నేర్చుకుందాం’ అనండి. లైటు ఒక చిన్న బెడ్‌లైటుగా మార్చండి, పక్కగదికి మొదట మీరు గుమ్మం దాకా వెళ్లండి, తర్వాత సగం దాకా. రెండు మూడు వారాలు పట్టొచ్చు. నెల దాటినా నిద్ర సరిగ్గా లేకపోయినా, బడికి వెళ్లనని మొరాయించినా పిల్లల కౌన్సెలర్‌ని కలవండి.

వచ్చే ఆదివారం అదే పార్కుకు వెళ్లండి. ఆ ఆంటీ కనబడితే కుక్కపిల్ల దొరికిందో లేదో పాప అడుగుతుంది, అడగనివ్వండి. ముందు మీ వైపు తిరిగి ‘అమ్మా, వెళ్లి అడగనా?’ అంటుందేమో చూడండి.